లీజ్ ఆప్షన్ ఇస్తే బ్యాంకు లోన్ మొత్తం ఒకేసారి కట్టమంటుందా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మీరు 2021లో డాలస్ శివారులో ఇల్లు కొన్నారు. 4 లక్షల డాలర్ల కన్వెన్షనల్ (ప్రభుత్వ హామీ లేని) లోన్, 30 ఏళ్ళు, 3 శాతం ఫిక్స్‌డ్. నాలుగేళ్ళు అందులో ఉన్నాక ఉద్యోగం మారి ఇప్పుడు వేరే రాష్ట్రానికి వెళ్ళారు. ఒక కుటుంబం మూడేళ్ళ లీజ్ ఆప్షన్, అంటే అద్దెకుంటూ ముందే ఒప్పుకున్న ధరకు ఇల్లు కొనుక్కునే హక్కు, అడుగుతోంది. కొనే ధర 5 లక్షల 20 వేలు, ముందుగా ఇచ్చే ఆప్షన్ ఫీ 15 వేలు, నెలకు 3,200 అద్దె. ఆ అద్దెలో 300 కొనేటప్పుడు ధరలోంచి తగ్గించాలి. ‘మూడేళ్ళలోపు లీజులను బ్యాంకు ప్రశ్నించకూడదని చట్టమే చెబుతోంది, ధైర్యంగా ఇచ్చెయ్’ అని మీ స్నేహితుడు అన్నారు. అది నిజమేనా, కాగితాలు ఎలా రాసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. ఇక్కడ ముంచేది మిగిలిన సగమే.

ఆయన చెబుతున్నది 1982 అక్టోబర్ 15న వచ్చిన గార్న్-సెయింట్ జెర్మేన్ చట్టం గురించి. యూఎస్ కోడ్ 12వ టైటిల్‌లో సెక్షన్ 1701జె-3 అది. ఆ చట్టం మొదట చేసిన పని ఓనర్లకు రక్షణ ఇవ్వడం కాదు, లెండర్లకు బలం ఇవ్వడం. 1978లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు వెల్లెన్‌క్యాంప్ కేసులో డ్యూ ఆన్ సేల్ క్లాజ్‌ను (ఇల్లు చేతులు మారితే బాకీ మొత్తం వెంటనే కట్టమనే షరతును) ఇష్టం వచ్చినట్టు వాడటానికి వీల్లేదంది. దాంతో అక్కడ పాత తక్కువ వడ్డీ లోన్లను కొన్నవాళ్ళే కట్టుకుంటూ పోయారు. 1981 అక్టోబర్‌లో 30 ఏళ్ళ వడ్డీ 18 శాతం దాటింది. 6, 7 శాతం పాత లోన్లు చేతిలో ఉన్న సంస్థలకు అది ప్రాణాంతకమైంది. కాంగ్రెస్ ఈ చట్టం తెచ్చి క్లాజ్ దేశమంతటా చెల్లుతుందని తేల్చింది. ఆ తరవాతే, అయిదు యూనిట్ల కంటే తక్కువ ఉన్న నివాస ఆస్తుల విషయంలో క్లాజ్ వాడకూడని సందర్భాలను ఒక చిన్న జాబితాగా ఇచ్చింది. తల్లిదండ్రులు పోతే పిల్లలకు రావడం, విడాకులు, లివింగ్ ట్రస్ట్ లాంటివి అందులో ఉన్నాయి. నాలుగోది మీ స్నేహితుడు చెప్పినది: మూడేళ్ళు లేదా అంతకంటే తక్కువ కాలపు లీజు, అందులో కొనే ఆప్షన్ ఉండకూడదు.

రెండు షరతులూ కలిసి ఉండాలి. మీ లీజు కాలపరిమితి పరీక్ష నెగ్గుతుంది, ఆప్షన్ పరీక్షలో పోతుంది. ‘ఆప్షన్ ఇంకా వాడుకోలేదు కదా, అప్పటిదాకా ఆస్తి మారినట్టు కాదు’ అనే వాదన చాలామంది చేస్తారు. మామూలు ఆస్తి చట్టంలో ఆ వాదనకు కొంత బలం ఉంది కూడా. కానీ ఈ చట్టం కింద వచ్చిన ఫెడరల్ నిబంధన, సీఎఫ్ఆర్ 12వ టైటిల్ 191వ భాగం, ‘అమ్మకం లేదా బదిలీ’ అంటే ఏమిటో నిర్వచిస్తూ మూడేళ్ళు దాటిన లీజునూ, లీజ్ ఆప్షన్ కాంట్రాక్టునూ పేరు పెట్టి చేర్చింది. వాదించడానికి చోటు మిగల్చలేదు. అదే నిబంధన మినహాయింపుల జాబితాను లోన్ తీసుకున్నవాళ్ళు ఉంటున్న, లేదా ఉండబోయే ఇళ్ళకు పరిమితం చేస్తుంది. అంటే పెట్టుబడి ఆస్తి మీద ఈ జాబితాను నమ్ముకుని మొత్తం పథకం కట్టుకోవడమే తప్పు.

ఇప్పుడు మీ డీడ్ ఆఫ్ ట్రస్ట్, అంటే ఇంటిని లోన్‌కు తాకట్టు పెట్టిన పత్రం, తీయండి. ప్రామిసరీ నోట్ కాదు, కౌంటీలో రికార్డయిన డీడ్ ఆఫ్ ట్రస్ట్. లోన్లను బ్యాంకుల దగ్గర కొనుక్కునే ఫానీ మే, ఫ్రెడీ మ్యాక్ సంస్థల ప్రామాణిక ఫారం అయితే పాతదానిలో 18వ పేరా, 2021 జులైలో మార్చిన ఫారంలో 19వ సెక్షన్. 2021లో తీసుకున్న లోన్ కాబట్టి మీది చాలామటుకు పాత ఫారమే అయి ఉంటుంది. కింద అంచున తేదీ ఉంటుంది, చూడండి. లెండర్ ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆస్తిని గానీ, అందులో ఏ హక్కును గానీ బదిలీ చేస్తే మొత్తం బాకీ వెంటనే కట్టమని అడగవచ్చని రాసి ఉంటుంది. గమనించాల్సింది ‘అడగవచ్చు’ అన్న మాట. అది లెండర్ హక్కు, బాధ్యత కాదు. మీరు లీజ్ ఆప్షన్ ఇవ్వడం నేరమూ కాదు. ఒప్పందాన్ని మీరడం, అంతే. దానికి శిక్ష బాకీ మొత్తం ఒకేసారి మీద పడటం.

అదే ఫారంలో జనం చదవని రెండు వాక్యాలు ఉన్నాయి. ఒకటి, నోటీసు ఇచ్చాక కనీసం 30 రోజుల గడువు. రెండోది ఎక్కువ నష్టం చేసేది. కిస్తీలు తప్పినప్పుడు బకాయి కట్టి లోన్‌ను మళ్ళీ దారిలో పెట్టుకునే హక్కు మీకు ఉంటుంది. డ్యూ ఆన్ సేల్ కింద లోన్‌ను పిలిచినప్పుడు, అంటే మొత్తం కట్టమన్నప్పుడు, ఆ హక్కు వర్తించదని ఫారమే చెబుతుంది. అంటే ‘లీజ్ రద్దు చేశాను, పాత కిస్తీ కొనసాగిస్తాను’ అంటే వినాలని లెండర్‌కు లేదు. ఒప్పుకుంటే వాళ్ళ దయ. టెక్సస్‌లో ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇంటిని వేలం వేయడం) కోర్టుతో పని లేకుండా జరుగుతుంది. అమ్మకానికి 21 రోజుల ముందు నోటీసు, నెలలో మొదటి మంగళవారం వేలం. కొన్ని రాష్ట్రాల్లో కోర్టు వల్ల దొరికే నెలల వ్యవధి ఇక్కడ దొరకదు.

మరి నిజంగా పిలుస్తారా? కిస్తీ సక్రమంగా వస్తున్న లోన్‌ను సర్వీసర్ వెతికి పట్టుకుని పిలవడం అరుదు. కారణం సులభం. సర్వీసర్ అసలు లెండర్ కాదు. బాకీ మీద ఏడాదికి సాధారణంగా 0.25 శాతం తీసుకుని కిస్తీలు వసూలు చేసే సంస్థ. లోన్ తీరిపోతే వాళ్ళ ఫీజు పోతుంది. అందుకే వాళ్ళకు తొందర ఉండదు. కానీ లోన్ వెనక ఉన్న ఇన్వెస్టర్ లెక్క వేరు. 2021 జనవరిలో ఫ్రెడీ మ్యాక్ వారపు సగటు 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబర్‌లో 7.79కి ఎక్కింది. 3 శాతం లోన్ ముందే తిరిగి వస్తే ఆ డబ్బు రెట్టింపు వడ్డీకి తిప్పుకోవచ్చు. క్లాజ్ పుట్టిందే ఇలాంటి తేడా ఉన్నప్పుడు. ‘ఇరవై ఏళ్ళుగా ఎవర్నీ పిలవలేదు’ అని సెమినార్లలో చెప్పేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. ఆ ఇరవై ఏళ్ళలో ఎక్కువ భాగం వడ్డీలు దిగుతూ వచ్చాయి, పిలవడంలో లాభమే లేదు.

మీ అంకెలతోనే చూద్దాం. 4 లక్షలకు 3 శాతం చొప్పున అసలు, వడ్డీ కలిపి నెలకు 1,686 డాలర్లు. నాలుగేళ్ళ తరవాత మిగిలిన బాకీ సుమారు 3 లక్షల 65 వేలు. దాన్ని 7 శాతానికి కొత్తగా 30 ఏళ్ళకు తీసుకుంటే కిస్తీ 2,429. అంటే నెలకు దాదాపు 743 ఎక్కువ. పైగా మీరు అందులో ఉండటం లేదు కాబట్టి ఇన్వెస్ట్‌మెంట్ లోన్ రేటు పడుతుంది, అది ఇంకాస్త ఎక్కువే. పన్ను, ఇన్సూరెన్స్ నెలకు 1,200 అనుకుంటే ఇవాళ 3,200 అద్దెలో 314 మిగులుతుంది, రేపు 429 చేతి నుంచి పోతుంది. ఈ లెక్కలో టెనెంట్‌కు జమ చేయాల్సిన 300ని ఇంకా తీయలేదు. మీరు ఆప్షన్ ఫీగా తీసుకునే 15 వేలు ఈ తేడా ముందు ఎన్నాళ్ళు నిలబడుతుందో చూసుకోండి.

సర్వీసర్‌కు విషయం తెలిసే దారి చాలాసార్లు ఇన్సూరెన్సే. మీరు ఇల్లు ఖాళీ చేశాక ఓనర్ పాలసీ, అంటే హెచ్‌ఓ-3, పనికిరాదు. అద్దె ఇళ్ళ పాలసీకి, సాధారణంగా డీపీ-3కి, మారాలి. మార్చకపోతే అగ్నిప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ తిరస్కరిస్తారు. మారిస్తే కొత్త డిక్లరేషన్ పేజీ మార్ట్‌గేజీ క్లాజ్ (లోన్ ఇచ్చినవారి పేరు పాలసీలో చేర్చే షరతు) ప్రకారం సర్వీసర్‌కు వెళ్తుంది. మామూలు అద్దె అయితే అందులో ఇబ్బంది లేదు. కొన్న ఇంట్లో 60 రోజుల్లో చేరి, కనీసం ఏడాది ఉండాలన్న షరతు మీరు ఎప్పుడో తీర్చేశారు. కానీ టెనెంట్ పేరు అడిషనల్ ఇన్సూర్డ్‌గా ఆ పేజీలో కనిపించినా, పన్ను బిల్లు వేరే చిరునామాకు మళ్ళినా, కౌంటీలో మెమొరాండమ్ ఆఫ్ ఆప్షన్ (ఆప్షన్ ఉందని తెలిపే చిన్న పత్రం) రికార్డయినా ప్రశ్నలు మొదలవుతాయి. తెలియకుండా ఉంచడానికి ఇన్సూరెన్స్ మార్చకుండా వదిలేయమని సలహా ఇచ్చేవాళ్ళను నమ్మకండి. 743 డాలర్ల ప్రమాదం తప్పించుకోవడానికి ఇల్లంతటినీ పణంగా పెట్టమంటున్నారు వాళ్ళు.

ఫోర్‌క్లోజర్ పద్ధతి తప్ప ఇంతవరకు చెప్పింది ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. మీది టెక్సస్ కాబట్టి అసలు అడ్డుగోడ ఇంకా ముందుంది. నిజానికి మీ విషయంలో బ్యాంకు కంటే ఇదే పెద్దది.

2005 నుంచి టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 5వ చాప్టర్, సబ్‌చాప్టర్ డి, నివాస లీజుతో కలిపి గానీ, దానితో పాటు ఒకేసారి సంతకం చేసి గానీ ఇచ్చే కొనుగోలు ఆప్షన్‌ను ఎగ్జిక్యూటరీ కాంట్రాక్టుగా, అంటే డీడ్ తరవాతెప్పుడో ఇచ్చే అమ్మకపు ఒప్పందంగా, లెక్కిస్తుంది. కాంట్రాక్ట్ ఫర్ డీడ్‌ను (ధరంతా వాయిదాల్లో కట్టాకే టైటిల్ ఇచ్చే అమ్మకాన్ని) కట్టడి చేసిన చట్టమే ఇది. వేరే రాష్ట్రాల లాయర్లు ‘లీజు ఒక కాగితం, ఆప్షన్ ఇంకో కాగితం చేయండి’ అంటారు. అక్కడ అది మంచి సలహా. టెక్సస్‌లో ఒకేసారి సంతకం పెడితే రెండు కాగితాలైనా ఒక్కటే. ఇంటర్నెట్‌లో దొరికే ఫారాలు చాలావరకు ఈ సంగతి తెలియనివే.

మూడేళ్ళు లేదా అంతకంటే తక్కువ కాలపు ఒప్పందాలకు ఈ సబ్‌చాప్టర్‌లో చాలా సెక్షన్లు వర్తించవు. అదే చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ మిగిలినవాటిలో రెండు మీ మెడకు చుట్టుకునేవే. ఒకటి 5.073. అద్దె ఆలస్యమైందని ఆప్షన్ ఫీ జప్తు చేసుకునే షరతు పెట్టకూడదని అందులో ఉంది. ‘ఒక్క నెల ఆలస్యమైతే 15 వేలు నావే’ అన్న వాక్యం మీ డ్రాఫ్టులో ఉంటే ఇవాళే కొట్టేయండి. దీనికి తోడు 5.063 నుంచి 5.065 వరకు ఉన్నవి, టెనెంట్ చెల్లింపు తప్పినప్పుడు చట్టం చెప్పిన రూపంలో నోటీసు, 30 రోజుల సవరణ గడువు ఇవ్వాలంటాయి.

రెండోది 5.085. ఒప్పందం నడిచినంత కాలం అమ్మేవాళ్ళకు ఆ ఆస్తి మీద ఏ లీన్ (బాకీ కింద ఆస్తి మీద ఉండే హక్కు) లేని పూర్తి హక్కు ఉండాలంటుంది. మీ ఇంటి మీద 3 లక్షల 65 వేల లీన్ ఉంది. దీనికి మినహాయింపు ఉంది గానీ, దాని షరతులు చదవండి. లీన్ ఒప్పందానికి ముందే ఉన్నదై ఉండాలి, ఆ ఒక్క ఆస్తికే అంటి ఉండాలి, కొనేవాళ్ళు మీకు కట్టాల్సిన మొత్తం కంటే ఎక్కువ కాకూడదు. లెండర్ పేరు, లోన్ నంబర్, బాకీ, కిస్తీ లాంటి వివరాలు కొనేవాళ్ళకు ముందే నోటీసుగా ఇవ్వాలి. మీరు కిస్తీ ఎగ్గొడితే వాళ్ళు నేరుగా కట్టి, కట్టినదానికి 150 శాతం మీకు రావాల్సినదాంట్లో తగ్గించుకునే హక్కు కాంట్రాక్టులో ఉండాలి. వీటన్నిటితో పాటు, కొనేవాళ్ళు అడిగితే లోన్ స్థితి చెప్పడానికీ, మీరు తప్పినప్పుడు వాళ్ళ దగ్గర కిస్తీ తీసుకోవడానికీ లెండర్ ఒప్పుకుని ఉండాలి.

ఆ చివరి షరతు దగ్గరే కథ అయిపోతుంది. బ్యాంకుకు తెలియకుండా లీజ్ ఆప్షన్ నడపడం టెక్సస్‌లో చట్టబద్ధంగా సాధ్యం కాదు. నడిపితే బ్యాంకు ఊరుకున్నా టెనెంట్ ఊరుకోనక్కర్లేదు. 5.085ను మీరితే అది మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం కిందకు వస్తుంది. పైగా వాళ్ళు ఒప్పందం రద్దు చేసి కట్టిన మొత్తం వెనక్కి అడగవచ్చు, ఇంటికి చేసిన శాశ్వత మెరుగుల ఖర్చు కూడా. రెండేళ్ళ అద్దె, ఆప్షన్ ఫీ కలిపి 90 వేలు దాటుతుంది. మార్కెట్ పడిపోయి, వాళ్ళకు ఇల్లు కొనాలన్న ఆసక్తి తగ్గిన నాడు ఏ లాయర్ అయినా మొదట వెతికేది ఇదే.

కాబట్టి నా సలహా సూటిగా: ఇప్పుడు ఆప్షన్ ఇవ్వకండి. ఏడాది మామూలు లీజు ఇవ్వండి, మార్కెట్ అద్దెకు. అద్దె క్రెడిట్ వద్దు, కొనే ధర ప్రస్తావన వద్దు, మూడేళ్ళు దాటేలా పొడిగింపు హక్కు వద్దు. వాళ్ళ క్రెడిట్ సరిపడి, వాళ్ళ బ్యాంకు ప్రీ-అప్రూవల్ ఇచ్చిన రోజున టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ మామూలు కొనుగోలు కాంట్రాక్టు మీద సంతకం చేసి, 30 నుంచి 45 రోజుల్లో టైటిల్ కంపెనీలో (హక్కు పత్రాలు పరిశీలించి అమ్మకం పూర్తి చేయించే సంస్థలో) క్లోజ్ చేయండి. సంతకమయ్యాక 180 రోజుల్లోపు డీడ్ ఇచ్చే ఒప్పందాలకు ఆ సబ్‌చాప్టర్ వర్తించదు. మీ లోన్ ఆ క్లోజింగ్‌లోనే తీరిపోతుంది, డ్యూ ఆన్ సేల్ ప్రశ్నే రాదు. మీరు పోగొట్టుకునేది 15 వేల ముందస్తు డబ్బు, వాళ్ళు పోగొట్టుకునేది ధర స్థిరంగా ఉంటుందన్న భరోసా. అది మీ ఇద్దరికీ నచ్చకపోవచ్చు, తెలుసు.

వాళ్ళకు అద్దె క్రెడిట్ మీద ఆశ ఉంటే ఈ మాట చెప్పండి. నెలకు 300 జమ అవుతుందని మీరు కాగితం మీద రాసినంత మాత్రాన రేపు వాళ్ళ లెండర్ దాన్ని డౌన్ పేమెంట్‌గా ఒప్పుకోడు. ఫానీ మే నియమం ప్రకారం లెక్కలోకి వచ్చేది మార్కెట్ అద్దెకు మించి కట్టిన భాగమే. మార్కెట్ అద్దె ఎంతో అప్రైజర్ తేల్చాలి, ఒప్పందం మొదటి గడువు కనీసం 12 నెలలుండాలి, చివరి 12 నెలలు కట్టినట్టు రుజువు ఉండాలి. మీ చుట్టుపక్కల అద్దె 3,200 అయితే వాళ్ళ 300 విలువ సున్నా. నగదుగా ఇచ్చే అద్దెల సంగతి చెప్పనే అక్కర్లేదు. లీజ్ ఆప్షన్లు చాలావరకు కొనుగోలు దాకా రాకుండా ఆగిపోయేది ఇలాంటి చోట్లే: అప్రైజల్ ధర తక్కువ రావడం, వడ్డీ పెరగడం, క్రెడిట్ అనుకున్నంత బాగుపడకపోవడం.

పన్ను వైపు మీరు అడగలేదు గానీ, మూడేళ్ళ గడువు మీ సొంత జేబుకే చిల్లు. సొంత ఇల్లు అమ్మితే వచ్చే లాభంలో ఒంటరివారికి 2 లక్షల 50 వేలు, జంటకు 5 లక్షలు పన్ను లేకుండా పోయే సెక్షన్ 121 ఉంది. అమ్మకానికి ముందు అయిదేళ్ళలో కనీసం రెండేళ్ళు అందులో ఉండాలి. అంటే మీరు ఖాళీ చేసిన రోజు నుంచి మూడేళ్ళలోపు క్లోజింగ్ అయిపోవాలి, సంతకం కాదు. ఖాళీ చేసిన రెండు నెలలకు మొదలైన 36 నెలల ఆప్షన్‌ను చివరి నెలలో వాడుకుంటే ఆ మినహాయింపు చేజారుతుంది. అద్దెకిచ్చిన కాలపు డిప్రిసియేషన్ (ఇంటి తరుగుదల) మీద పన్ను ఎటూ తప్పదు. ఆప్షన్ ఫీ అందిన ఏడాది ఆదాయం కాదు. కొంటే అమ్మకపు ధరలో కలుస్తుంది, కొనకుండా గడువు తీరిపోతే ఆ ఏడాది మామూలు ఆదాయం అవుతుంది. ఇంకొకటి: హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ఆస్తి పన్నులో తగ్గింపు) మీరు ఖాళీ చేశాక చెల్లదు. దాంతో పాటు పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న హోమ్‌స్టెడ్ పరిమితీ పోతుంది. ఎస్క్రో ఖాతాలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం సర్వీసర్ పక్కన పెట్టే డబ్బులో) లోటు నోటీసు వచ్చాక అద్దె పెంచలేరు. అద్దె నిర్ణయించేటప్పుడే కొత్త పన్నుతో లెక్క వేసుకోండి.

అయినా ఆప్షన్ ఇవ్వాలనే ఉంటే ఒకే దారి, రాతపూర్వక అనుమతి. ముందు ఫానీ మే, ఫ్రెడీ మ్యాక్ వెబ్‌సైట్లలో లోన్ లుకప్ చేసి లోన్ ఎవరిదో తెలుసుకోండి. తరవాత సర్వీసర్ అసంప్షన్ (లోన్‌ను వేరొకరికి అప్పగించే) విభాగానికి ఉత్తరం రాయండి. లోన్ నంబర్, లీజు కాలం, ఆప్షన్ ధర, చివరి తేదీ, టైటిల్ మీ పేరునే ఉంటుందన్న మాట, పాలసీ మార్పు వివరం, 5.085 ప్రకారం వాళ్ళు ఒప్పుకోవాల్సిన రెండు విషయాలు, అన్నీ అందులో ఉండాలి. ఫోన్‌లో ‘పర్వాలేదు సార్’ అన్న మాటకు విలువ లేదు. ఆ తరవాత కిస్తీలు తీసుకుంటూ పోయారు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న వాదనను కూడా ఫారంలోని నాన్-వేవర్ క్లాజ్ (ఊరుకున్నంత మాత్రాన లెండర్ హక్కు పోదనే షరతు) ముందే మూసేసింది. 1982 చట్టంలోనే, పిలిచే బదులు పాత వడ్డీకో, పాత వడ్డీకీ మార్కెట్ వడ్డీకీ మధ్య సగటుకు మించని రేటుకో లోన్ కొనసాగనివ్వమని లెండర్లను ప్రోత్సహిస్తూ ఒక వాక్యం ఉంది. ప్రోత్సాహమే, ఆజ్ఞ కాదు. అయినా ఉత్తరంలో ఉటంకించండి. అనుమతి రావడం కష్టమే. రాకపోతే మామూలు లీజుకే రండి.

ఇంటిని ల్యాండ్ ట్రస్ట్‌లో (టైటిల్ ట్రస్టీ పేరున ఉంచే ఏర్పాటులో) పెట్టి టెనెంట్‌కు బెనిఫిషియల్ ఇంట్రెస్ట్ (లబ్ధిదారు హక్కు) రాసివ్వమని ఎవరైనా చెబితే: చట్టంలోని ట్రస్ట్ మినహాయింపు లోన్ తీసుకున్నవారు లబ్ధిదారుగా కొనసాగాలనీ, నివసించే హక్కు బదిలీ కాకూడదనీ అంటుంది. టెనెంట్ లోపలికి రావడంతోనే రెండో షరతు పోయింది. ఎల్ఎల్‌సీ (కంపెనీ) పేరు మీదున్న, అద్దె ఆదాయాన్ని బట్టి ఇచ్చే డీఎస్‌సీఆర్ లోన్లలో, అయిదు యూనిట్లు దాటిన వాటిలో మినహాయింపుల ఆశే వద్దు. అక్కడ లీజులకే లెండర్ అనుమతి, కొనే ఆప్షన్లపై నిషేధం, ఎల్ఎల్‌సీలో వాటా మారినా పిలిచే హక్కు, పైన ప్రీపేమెంట్ పెనాల్టీ, అన్నీ ఉండవచ్చు. ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ (మాజీ సైనికుల) లోన్లున్నవాళ్ళ అదృష్టం వేరు. అవి అర్హత పరీక్ష నెగ్గిన కొనుగోలుదారుకు పాత వడ్డీతోనే అప్పగించవచ్చు. ఆప్షన్ కంటే అది చాలా శుభ్రమైన దారి. వీఏ అయితే 0.5 శాతం ఫీజు ఉంటుంది, మీ బాధ్యత తీరినట్టు రిలీజ్ కాగితం తప్పక తీసుకోవాలి.

ఇదే ఇంటిని ఒక మధ్యవర్తి మీ దగ్గర లీజ్ ఆప్షన్ తీసుకుని, ఇంకొకరికి లీజ్ ఆప్షన్‌గా తిప్పుతానంటే, అంటే శాండ్‌విచ్ పద్ధతి, అస్సలు ఒప్పుకోకండి. లోపల ఉన్నవాళ్ళతో మీకు ఒప్పందం ఉండదు, లోన్ మాత్రం మీదే. అటువైపు కొనేవాళ్ళ స్థితీ మెరుగేమీ కాదు. మీ డీడ్ ఆఫ్ ట్రస్ట్ ముందే రికార్డయి ఉంది కాబట్టి ఫోర్‌క్లోజర్ జరిగితే ఆప్షన్ తుడిచిపెట్టుకుపోతుంది. ఓనర్ దివాలా తీస్తే బ్యాంక్రప్సీ కోడ్ సెక్షన్ 365 కింద ఒప్పందాన్నే తిరస్కరించే వీలుంటుంది.

అనుమతి వచ్చి ఒప్పందం నిజంగా రాసే రోజున కాగితాల్లో మూడు చూడండి. ఆప్షన్‌కు చివరి తేదీ, వాడుకునే పద్ధతి (రాతపూర్వక నోటీసు, ఎన్ని రోజుల ముందు, ఎక్కడికి) స్పష్టంగా ఉండాలి. టెనెంట్ కిస్తీ నేరుగా ఒక లోన్ సర్వీసింగ్ సంస్థ ద్వారా వెళ్ళేలా పెడితే, మీరు లెండర్‌కు కట్టారో లేదో వాళ్ళకూ కనబడుతుంది, మీకూ రుజువు ఉంటుంది. పెద్ద రిపేర్లు, పన్నులు, ఇన్సూరెన్స్ టెనెంట్ మీద వేయకండి. వేస్తే కోర్టు దాన్ని లీజుగా కాక వాయిదాల అమ్మకంగా చూసే వీలు పెరుగుతుంది. అప్పుడు ఖాళీ చేయించడమూ కష్టం. జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు ఖాళీ చేయించే విషయమే చూస్తుంది, టైటిల్ వివాదం ముడిపడితే తేల్చలేదు. మెమొరాండమ్ రికార్డు చేయమని వాళ్ళు అడగడం న్యాయమే, అనుమతి ఉన్నప్పుడు భయమూ లేదు. దానితో పాటే ఆప్షన్ విడుదల పత్రం సంతకం, నోటరీ చేయించి టైటిల్ కంపెనీ దగ్గర ఎస్క్రోలో పెట్టించండి. ఏ తేదీ దాటితే, ఏ రుజువు చూపితే దాన్ని రికార్డు చేయాలో ఎస్క్రో సూచనల్లో రాయించండి. లేకపోతే వాళ్ళు కొనకుండా వెళ్ళిపోయాక, కొత్త కొనుగోలుదారు టైటిల్ సెర్చ్‌లో ఆ మెమొరాండమ్ బయటపడినప్పుడు, చిరునామా మారిన మనిషి సంతకం కోసం మీరు వెతుక్కోవాల్సి వస్తుంది.